గోడను చూసి చెక్కను ఎంచుకోండి: ఇంట్లో ఏ గదికి ఎలాంటి ఫ్లోటింగ్ షెల్ఫ్ నప్పుతుంది?

ఫ్లోటింగ్ షెల్ఫ్ కోసం ఆన్‌లైన్లో వెతికినా, ఫర్నిచర్ షాపుకు వెళ్ళినా ముందు కనిపించేవి రంగులే. వాల్‌నట్, వెంగే, ఓక్ అని రకరకాల పేర్లు. వాటిలో చాలావరకు పైన అతికించిన పలుచటి ల్యామినేట్ పేర్లే తప్ప లోపలున్న చెక్క పేర్లు కావు. కొనేవాళ్ళు రంగు చూసి కొంటారు, కార్పెంటర్ వచ్చి ఎక్కడ వీలైతే అక్కడ నాలుగు స్క్రూలు బిగిస్తాడు. ఆర్నెల్లకు అర ముందుకు వాలిపోతుంది. తప్పు చెక్కదే అనుకుంటాం. కానీ చాలాసార్లు తేడా వచ్చేది గోడ దగ్గర, లేదంటే అర లోతు దగ్గర.

అసలు ఫ్లోటింగ్ షెల్ఫ్ అంటే బ్రాకెట్ బయటికి కనపడకుండా, గోడకు బిగించిన ఇనుప రాడ్ల మీద నిలబడే చెక్క అర. మన పాత ఇళ్ళలో అడుగున్నర మందం గోడలు ఉండేవి కాబట్టి ఆ మందంలోనే గూళ్ళు వదిలేవారు. దీపం బుడ్డి, కుంకుమ భరిణె, పంచాంగం అన్నీ అందులోనే. ఇప్పుడు ఫ్లాట్లలో లోపలి గోడ మందం నాలుగున్నర అంగుళాలే. అందులో గూడు తీసే వీల్లేదు కనుక అర గోడలోంచి బయటికొచ్చింది. బరువంతా గాల్లోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని నిలబెట్టాల్సింది ఆ నాలుగున్నర అంగుళాల గోడే.

అందుకే ఈ వరసలో ఆలోచించండి: ముందు గోడ, తర్వాత బరువు, ఆ తర్వాత లోతు, చివరికి చెక్క. రంగు మీ ఇష్టం.

మొదటి మెట్టు: గోడ ఏ రకమో తెలుసుకోవడం

బిల్డర్‌నో, అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళనో అడిగితే చెప్పేస్తారు. చెప్పేవాళ్ళు లేకపోతే కనపడని మూల, అంటే తలుపు వెనకో, అటక కిందో చిన్న డ్రిల్ బిట్‌తో ఒక రంధ్రం వేసి రాలే పొడిని చూడండి.

ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. ఇది మంచి గోడ. రంధ్రంలో దించే మామూలు నైలాన్ ప్లగ్గులు, వాటిలోకి బిగించే స్క్రూలు బాగా పట్టుకుంటాయి. కాకపోతే పైన ఉండే సిమెంటు ప్లాస్టరింగ్ అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉంటుంది. దానికి పట్టు ఉండదు. ప్లగ్గు ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగాలి. షెల్ఫ్‌తో పాటు డబ్బాలో ఇచ్చే పొట్టి ప్లగ్గులు చాలాసార్లు సగం ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతాయి. వాటిని పక్కన పెట్టి హార్డ్‌వేర్ షాపులో పొడవైనవి కొనుక్కోవడం మేలు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు గీత మీద రంధ్రం పడితే పట్టు తక్కువ. బిట్ ఒక్కసారిగా మెత్తగా దిగిపోతే అది గీతేనని గుర్తు. అంగుళం పక్కకు జరగండి.

బూడిదరంగు పొడి, కాస్త గట్టిదనం ఉంటే ఫ్లై యాష్ ఇటుక. దీని సంగతీ ఇంచుమించు ఎర్ర ఇటుక లాంటిదే.

తెల్లటి, పిండిలాంటి పొడి వచ్చి, బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతే అది ఏఏసీ బ్లాక్, అంటే తేలికపాటి కాంక్రీటు దిమ్మె. కొత్త అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు చాలాచోట్ల ఇవే. బ్లాకు లోపల అంతా సన్నని గాలి బుడగలు, అందుకే అంత తేలిక. మామూలు ప్లగ్గు ఇందులో బిగిసినట్టే ఉంటుంది, నెలల మీద వదులైపోతుంది. ఏఏసీ కోసం ప్రత్యేకంగా మెలికల మర ఉన్న నైలాన్ యాంకర్లు దొరుకుతాయి. బరువైన అరకైతే రసాయన జిగురు నింపి రాడ్డు దించే కెమికల్ యాంకర్లు ఉన్నాయి. డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు, మామూలుగా తిప్పితే చాలు. హ్యామర్ మోడ్‌లో పెడితే రంధ్రం లోపల పెచ్చులూడి పెద్దదైపోతుంది. కార్పెంటర్‌కు ఈ మాట ముందే చెప్పండి. చాలామంది అలవాటుగా ఏ గోడైనా హ్యామర్‌లోనే కొట్టేస్తారు.

డ్రిల్ అరుస్తోంది, బిట్ ఎర్రగా కాలుతోంది, లోపలికి మాత్రం దిగడం లేదు అంటే కాంక్రీటు గోడ. హైదరాబాద్‌లో పెద్ద టవర్లు చాలావాటిని అల్యూమినియం అచ్చుల్లో గోడలతో సహా కాంక్రీటు పోసి కడుతున్నారు. దీన్నే మైవాన్ అంటారు. పట్టు విషయంలో దీన్ని మించిన గోడ లేదు. చిన్న డ్రిల్ సరిపోదు, రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోవాలి. లోపల ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోయొద్దు, రంధ్రం పక్కకు జరపండి.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ళ కథ వేరు. అక్కడి ఇళ్ళలో లోపలి గోడ అంటే అర అంగుళం జిప్సం బోర్డు, దాని వెనక చెక్క స్టడ్లు. స్టడ్‌కు స్టడ్‌కు మధ్య దూరం మామూలుగా 16 అంగుళాలు. స్టడ్ ఫైండర్‌తో వాటిని పట్టుకుని, స్క్రూలు వాటిలోకే దించాలి. ఉత్త జిప్సం బోర్డు మీద ఫొటో ఫ్రేమ్ ఆగుతుందేమో గానీ పప్పు డబ్బాలు ఆగవు. ఇక్కడ ఆఫీసు పార్టిషన్ లాంటి జిప్సం గోడ ఉన్న ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

పల్లెల్లో మట్టితో కట్టిన పాత రాతి గోడలుంటాయి. వాటికి ఫ్లోటింగ్ షెల్ఫ్ వద్దు. నిలబెట్టే అలమరే నయం.

గోడ రకంతో పాటు ఇంకో రెండు చూడాలి. ఒకటి చెమ్మ. వాన తగిలే బయటి గోడ, బాత్రూంకు ఆనుకున్న గోడ అయితే అడుగు చదరం ప్లాస్టిక్ కవరును నాలుగు పక్కలా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలివైపు చెమ్మ పడితే ముందు ఆ లీకేజీ సంగతి చూసుకోవాలి, షెల్ఫ్ తర్వాత. రెండోది వైర్లు, పైపులు. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా, అడ్డంగా అదే వరసలో వైర్ల గొట్టాలు ఉంటాయి. కొళాయికి నిలువుగా పైపు ఉంటుంది. ఆ గీతల్లో రంధ్రం వేయొద్దు. డ్రిల్ చేసేటప్పుడు ఆ గది ఎంసీబీ ఆపి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కుంటే టెన్షన్ ఉండదు.

రెండో మెట్టు: బరువు, అంతకంటే ముఖ్యంగా లోతు

ఫ్లోటింగ్ షెల్ఫ్ మీద పెట్టిన బరువు గోడను కిందికి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి ఎక్కువ కష్టం స్క్రూను బయటికి పీకే బలంతోనే. లెక్క తేలికే.

8 అంగుళాల లోతున్న అర తీసుకుందాం. చెక్కతో కలిపి మొత్తం బరువు 12 కిలోలు. ఆ బరువు గోడకు సగటున 4 అంగుళాల దూరంలో ఉంటుంది. రాడ్లను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీ కింది అంచు నుంచి స్క్రూ ఎత్తు అంగుళం అనుకుంటే, స్క్రూలను పీకే బలం 12 ఇంటూ 4, అంటే 48 కిలోలు. ఇప్పుడు అదే అర 12 అంగుళాల లోతుతో చేయించారు, లోతుకు తగ్గట్టు సామాను కూడా పెరిగి 18 కిలోలైంది. దూరం 6 అంగుళాలు. పీకే బలం 108 కిలోలు. బరువు ఒకటిన్నర రెట్లే పెరిగింది, గోడ మీద లాగుడు రెండుంబావు రెట్లు పెరిగింది.

అందుకే షెల్ఫ్ విషయంలో నేను లోతు దగ్గర పిసినారితనం చూపమంటాను. అవసరానికి మించి ఒక్క అంగుళం కూడా వద్దు. పొడవు కావాలంటే పెంచుకోండి, రాడ్లు పెరుగుతాయి, భారం పంచుకుంటాయి. లోతు పెంచితే ఆ వీలు లేదు.

ఏ సామానుకు ఎంత లోతు? కొండపల్లి బొమ్మలు, ఫొటోలు, సెల్‌ఫోన్, తాళాలకు 4 నుంచి 6 అంగుళాలు చాలు. కప్పులు, కిలో డబ్బాలు, నవలల సైజు పుస్తకాలకు 8. స్కూలు అట్లాసులు, సెట్‌టాప్ బాక్సులకు 10. హెల్మెట్‌కు 12 కావాలి, కానీ హెల్మెట్ కిలోన్నర లోపే ఉంటుంది కాబట్టి పర్వాలేదు.

బరువుల్లో మనల్ని మోసం చేసేవి పుస్తకాలు. అడుగు పొడవు అర నిండా మామూలు సైజు పుస్తకాలు పేరిస్తే 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. మూడడుగుల అరంటే బియ్యం బస్తా అన్నమాట. పోటీ పరీక్షల గైడ్లు, ఇంటర్ మెటీరియల్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఇన్ని పుస్తకాలున్నవాళ్ళు ఫ్లోటింగ్ షెల్ఫ్ మోజు మానుకుని, కింద కనపడే ఎల్ ఆకారపు బ్రాకెట్లు పెట్టించుకోవడమే సరైన పని. అందం కాస్త తగ్గుతుంది, అంతే.

మందం, రాడ్ల సంగతి. మంచి రాడ్డు 12 మిల్లీమీటర్ల లావుంటుంది. దానికి పైనా కిందా సెంటీమీటరు చెక్క మిగలాలంటే పలక మందం కనీసం 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు ఉండాలి. అంగుళంన్నర అయితే ఇంకా మంచిది. రాడ్డు అర లోతులో మూడింట రెండు వంతుల దాకా లోపలికి వెళ్ళాలి. రెండడుగుల అరకు రెండు రాడ్లు, మూడడుగులకు మూడు, నాలుగడుగులకు నాలుగు. అర చివరల నుంచి ఆరేడు అంగుళాలు లోపలికి, మధ్య దూరం 16 అంగుళాలకు మించకుండా చూసుకుంటే చెక్క వంగదు. కొన్ని రెడీమేడ్ అరలకు వెనక తాళం కప్ప రంధ్రం లాంటి చిన్న రేకులు రెండు ఉంటాయి, వాటిని స్క్రూ తలకు తగిలించాలి. అవి ఫొటో ఫ్రేమ్‌ల కోసమే. వాటి మీద గాజు జాడీ పెట్టొద్దు.

మూడో మెట్టు: చెక్క

ఇంట్లో చెక్క పని అనగానే మన నోట వచ్చే మొదటి మాట టేకు. దానికి తగ్గ చెక్కే. ఎండకూ వానకూ పెద్దగా వంకర పోదు, చేవకు, అంటే దుంగ నడిమి గట్టి చెక్కకు, చెదలు అంత తేలిగ్గా పట్టవు. అయితే చేవ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. దుంగ అంచున ఉండే తెల్ల చెక్క టేకుదే అయినా చెదలు తింటాయి, పుచ్చు పడుతుంది. పలక కొనేటప్పుడు అంచుల్లో పాలిపోయిన రంగు పట్టీ ఉందేమో చూడండి. పాలిష్ కొట్టాక తెలియదు, అందుకే చిత్రిక పట్టిన వెంటనే, రంగు వేయకముందే చూసుకోవాలి.

షెల్ఫ్ కోసం కొత్త టేకు దుంగ కొనాల్సిన పని లేదు. కలప అడితుల్లో, తలుపులు చేసేవాళ్ళ దగ్గర ద్వారబంధాలు కోయగా మిగిలిన రెండు మూడడుగుల ముక్కలు ఉంటాయి. షెల్ఫ్‌కు కావాల్సింది అంతే. ఇంకా మంచి దారి, పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, వాసాలు అమ్మే చోట్లు. దశాబ్దాల పాటు ఆరిన టేకు అది, ఇక వంకర పోయేదేమీ ఉండదు. లోపల మేకులు విరిగి ఉంటే సామిల్లులో రంపం పళ్ళు పోతాయి, కాబట్టి ముందు ఒక అయస్కాంతం తిప్పి చూడండి.

మామిడి చెక్క ఆన్‌లైన్ షాపుల్లో బాగా కనిపిస్తుంది. గీతలు అందంగా ఉంటాయి, ధర తక్కువ. చెదలకు, పుచ్చుకు తొందరగా లొంగుతుంది. మందు పట్టించిందే కొని, హాలు లాంటి పొడి గదుల్లో వాడుకోవచ్చు. షీషమ్ గట్టిది, బరువైనది. ఆ బరువును కూడా గోడ మోయాలని మర్చిపోవద్దు. రబ్బర్ వుడ్ కేరళ తోటల నుంచి వస్తుంది, చిన్న ముక్కలు వేళ్ళు కలిపినట్టు అతికించిన బోర్డులుగా దొరుకుతుంది. పిల్లల గదికి బాగుంటుంది, నీళ్ళకు పనికిరాదు. పైన్ తేలిక, మెత్తన. గోరు నొక్కినా గుర్తు పడుతుంది. వేప చెక్క మన ఊళ్ళలో దొరుకుతుంది, పురుగు పట్టదన్న పేరూ ఉంది. కానీ సరిగా ఆరకపోతే పగుళ్ళిస్తుంది. ఏడాదికి పైగా నీడలో ఆరిన వేప పలక మీ ఇంట్లోనే ఉంటే తప్పకుండా వాడండి, కొత్తగా కొట్టింది మాత్రం వద్దు.

ప్లైవుడ్ మాటకొస్తే, ఫ్లోటింగ్ షెల్ఫ్‌ను లోపల చెక్క చట్రం, పైనా కిందా ప్లై, చుట్టూ ల్యామినేట్ వేసి డబ్బాలా కూడా చేస్తారు. తేలిగ్గా ఉంటుంది, మందంగా కనిపిస్తుంది. మామూలు గదులకు ఐఎస్ 303 గుర్తున్న ప్లై చాలు. వంటిల్లు, సింకు దగ్గరికి ఐఎస్ 710, అంటే మెరైన్ రకం తీసుకోండి. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, ఆ అంకె రెండూ ఉండాలి. ల్యామినేట్ పైన వేసి కింద వదిలేయమని ఖర్చు తగ్గించే సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోవద్దు. ఒక వైపే అతికించిన బోర్డు మెల్లగా వంగుతుంది.

ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసేది), పార్టికల్ బోర్డు (చెక్క రజనును నొక్కి చేసేది) విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎండీఎఫ్ పొడి గదిలో, తక్కువ లోతులో, తేలిక సామానుకు ఫర్వాలేదు. నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బుతాయి, మళ్ళీ మామూలు కావు. పార్టికల్ బోర్డులో స్క్రూ ఒకసారి ఊడితే రెండోసారి పట్టదు, కాబట్టి ఫ్లోటింగ్ షెల్ఫ్‌కు దాన్ని తీసుకోకపోవడమే మంచిది.

ఆన్‌లైన్లో కొంటే ఒక మాట గమనించండి. 'షీషమ్ వుడ్' అంటే షీషమ్. 'షీషమ్ ఫినిష్' అంటే షీషమ్ రంగు. 'ఇంజినీర్డ్ వుడ్' అంటే ఎక్కువగా ఎండీఎఫ్ లేదా పార్టికల్ బోర్డు. ఫొటోల కంటే మెటీరియల్ అని రాసిన గడి ముందు చదవండి.

ఏ చెక్కైనా పాలిష్ ఆరు వైపులా పడాలి. గోడకు ఆనే వెనక వైపును, రాడ్డు దిగే రంధ్రాల లోపలి భాగాన్ని అందరూ వదిలేస్తారు. చెమ్మ, చెదలు వచ్చేది ఆ వైపు నుంచే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి పెట్టించండి. మామూలు ఇనుపవి తుప్పు పట్టి గోడ మీద గోధుమ రంగు చారలు దించుతాయి.

నాలుగో మెట్టు: ఏ గదికి ఏది

వంటిల్లు

అన్నింటికంటే కష్టమైన గది ఇదే. ఆవిరి, పోపు నూనె తుంపర, బరువైన డబ్బాలు, రోజుకు పదిసార్లు చేయి తగలడం, అన్నీ ఇక్కడే.

ముందు ఎక్కడ పెట్టకూడదో చూద్దాం. పొయ్యి మీద చెక్క అర వద్దు, చిమ్నీ లేకపోయినా సరే. పక్కకు కూడా బర్నర్ నుంచి కనీసం అడుగున్నర దూరం వదలండి. ఫ్రిజ్ పైన ఖాళీ కనిపిస్తే చాలు అర వేయించాలనిపిస్తుంది. ఫ్రిజ్‌కు గాలి ఆడాలి, పైగా అక్కడి సామాను స్టూలెక్కితే గానీ అందదు.

వంట గట్టు నేల నుంచి 32 నుంచి 34 అంగుళాల ఎత్తు ఉంటుంది. మొదటి అర గట్టుకు 18 నుంచి 20 అంగుళాల పైన పెడితే మిక్సీ, కుక్కర్ కింద పడతాయి, కూరగాయలు తరిగేటప్పుడు నుదురు తగలదు. రెండో అర దానికి 13, 14 అంగుళాల పైన. అది నేల నుంచి 63, 68 అంగుళాల మధ్య పడుతుంది. ఐదడుగుల మనిషికి గట్టు మీదుగా చేయి చాపితే అందే హద్దు ఇంచుమించు అదే. మూడో అర అందంగా ఉంటుందేమో గానీ దాని మీద పండక్కి తప్ప తియ్యని సామానే చేరుతుంది. ఇంట్లో వంట చేసే మనిషి ఎత్తు ఎంతో ఆ కొలత ప్రకారం ఇవన్నీ అటూ ఇటూ సర్దుకోండి, కార్పెంటర్ ఎత్తు ప్రకారం కాదు.

లోతు 8 అంగుళాలు దాటొద్దు. పోపుల పెట్టె, కాఫీ పొడి, పంచదార, కిలో పప్పుల డబ్బాలు ఒకే వరసలో నిలబడాలి. రెండు వరసలు పట్టే లోతుంటే వెనక వరసలో ఏముందో ఎవరికీ గుర్తుండదు. ఐదు కిలోల బియ్యం డబ్బా, నూనె క్యాను, ఆవకాయ జాడీ కింది అరల్లోనే ఉండాలి. జాడీ బరువు ఒక్కటే కాదు, అడుగున కారిన ఉప్పు నూనె పాలిష్‌లోకి ఇంకి మరక పోదు. మిక్సీని ఫ్లోటింగ్ షెల్ఫ్ మీద పెట్టి తిప్పడం అసలు వద్దు. ఆ అదురుకు ప్లగ్గులు వదులవుతాయి.

చెక్క: మెరైన్ ప్లై మీద నున్నటి ల్యామినేట్ వేసి, అంచులు కూడా మూయించినది వంటింటికి నా మొదటి ఎంపిక. తడిగుడ్డతో తుడిస్తే నూనె జిడ్డు పోతుంది. టేకే కావాలంటే పీయూ (పాలీయురేథేన్) పూత వేయించండి. మైనం, నూనె పాలిష్ మన వంటిళ్ళలో నిలవదు. టైల్స్ మీద బిగించేటప్పుడు టేపు అతికించి, గాజు, టైల్స్ కోసం ఉండే బిట్‌తో, హ్యామర్ లేకుండా టైలు దాటే వరకూ నెమ్మదిగా వెళ్ళాలి. టైలు మీద వేలితో తడితే డొల్ల శబ్దం వస్తే అక్కడ వెనక సిమెంటు లేదని అర్థం, అది పగిలిపోతుంది.

దేవుడి గది లేదా పూజ మూల

విడిగా గది లేని ఫ్లాట్లలో దేవుడి పటాలకు ఫ్లోటింగ్ షెల్ఫ్ బాగా ఉపయోగపడుతుంది. కానీ ఇక్కడ నిప్పు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి రెండు అరలు వేయించి, కింది అరలో దీపం వెలిగిస్తే పై అర అడుగు భాగం మొదట నల్లబడుతుంది, తర్వాత మాడుతుంది. దీపం పెట్టే అర పైన ఏమీ ఉండకూడదు. పటాలకు వేసిన దండలు, కర్టెన్ కూడా దీపానికి దూరంగా ఉండాలి. కుంది కింద వెడల్పాటి ఇత్తడి పళ్ళెం పెడితే కారిన నూనె చెక్కలోకి ఇంకదు.

కూర్చుని పూజ చేసే ఇల్లయితే అర నేల నుంచి రెండున్నర అడుగులు, నిలబడి చేసేదయితే నాలుగడుగుల దగ్గర. లోతు 10 నుంచి 12 అంగుళాలు కావాలి, ఎందుకంటే ముందు దీపం, వెనక పటం. ఇత్తడి విగ్రహాలు చిన్నగా కనిపించినా బరువుంటాయి కాబట్టి ఇక్కడ టేకు పలక, మూడు రాడ్లు, మంచి గోడ తప్పనిసరి. ఏఏసీ గోడ తప్ప వేరే దారి లేకపోతే కెమికల్ యాంకర్లకు ఖర్చు పెట్టండి. పొడి రంగులు, కర్పూరం మసి పడతాయి కనుక లేత రంగు పాలిష్ వద్దు.

హాలు

హాల్లో షెల్ఫ్ చూపు కోసమే ఎక్కువ. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో. రెండూ తేలికే. 5, 6 అంగుళాల లోతు, ముందు అంచుకు అర అంగుళం పట్టీ ఉంటే బొమ్మ జారదు. నేరుగా ఎండ పడే గోడ మీద పెడితే రంగులు వెలుస్తాయి. ఇక్కడ మామిడి, షీషమ్, పైన్ ఏదైనా వాడుకోవచ్చు, బరువు లేదు కదా. వెంగే లాంటి ముదురు రంగు కొన్నవాళ్ళు రోజూ దుమ్ము తుడవడానికి సిద్ధపడాలి. రోడ్డు పక్క ఇల్లయితే లేత టేకు రంగే హాయి.

టీవీ కింద సెట్‌టాప్ బాక్స్, వైఫై రౌటర్ కోసం 10 అంగుళాల అర. వెనక అంచులో వైర్లు దిగడానికి ఒక గాడి ముందే కోయించండి. సోఫా పైన అర వేస్తే కూర్చుని లేచేటప్పుడు తల తగలకుండా ఉండాలి, గాజు వస్తువులు అక్కడ వద్దు.

వీధి గుమ్మం పక్కన అడుగు పొడవు షెల్ఫ్ ఒకటి పెట్టాలని చాలామందికి తట్టదు. తాళాలు, కరెంటు బిల్లు, హెల్మెట్. ఇల్లంతటిలో ఎక్కువ వాడకం దీనికే ఉంటుంది. తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడు అర తగలకుండా కొలుచుకోండి.

పడకగది

మంచం తలవైపు గోడ మీద అరలు వేసిన ఫొటోలు బోలెడు కనిపిస్తాయి. నేనైతే వద్దంటాను. నిద్రలో ఉన్న మనిషి తల మీద బరువు వేలాడదీయడం దేనికి? దానికి బదులు మంచం పక్కన, పరుపు పైభాగం ఎత్తులో అడుగు పొడవు, 10 అంగుళాల లోతు అర ఒకటి బిగిస్తే టేబుల్ అక్కర్లేదు. మంచినీళ్ళు, ఫోన్, కళ్ళజోడు, మాత్రలు పడతాయి. మనుషులు దాని మీద చేయి ఆనించి లేస్తారు, పెద్దవాళ్ళు మరీనూ. కాబట్టి చిన్నదే కదా అని చూడకుండా గట్టి రాడ్లు రెండు పెట్టించండి.

పిల్లల గది

టేబుల్ మీద 18 నుంచి 20 అంగుళాల ఎత్తులో ఒకే అర, రోజూ వాడే పుస్తకాల వరకే. మిగతావి నేల మీద నిలిచే అలమరలో. పిల్లలు ఎక్కే వయసులో ఉంటే అరలు మెట్ల వరసలో వేయొద్దు, ఆహ్వానించినట్టే అవుతుంది. మూలలు గుండ్రంగా చిత్రిక పట్టించాలి. ప్లై, బోర్డులు కొంటుంటే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే ఇ1 లేదా ఇ0 గుర్తు ఉన్నవి అడగండి. కొత్త బోర్డు నుంచి కళ్ళు మండే వాసన వచ్చేది ఆ రసాయనం వల్లే.

బాత్రూం

నీళ్ళు పడే చోట చెక్క వద్దు, గ్రానైటు పలకో స్టీలో పెట్టుకోండి. వాష్‌బేసిన్ విడిగా పొడి భాగంలో ఉంటే టేకు చిన్న అర సరిపోతుంది.

ఐదో మెట్టు: బిగించే రోజు

అర పెట్టాల్సిన చోట ముందు రోజే అదే సైజు అట్ట ముక్కను టేపుతో అతికించి ఒక పూట చూడండి. తలకు తగులుతుందా, చేయి అందుతుందా, తలుపు తెరుచుకుంటుందా అన్నీ ఖర్చు లేకుండా తెలుస్తాయి.

గీత గీయడానికి రసమట్టం వాడమనండి. నేలను, సీలింగ్‌ను చూసి కొలవొద్దు, రెండూ సరిగ్గా మట్టంగా ఉండే ఇళ్ళు తక్కువ. రంధ్రం ప్లగ్గు లావుకు సరిగ్గా సమానంగా ఉండాలి, 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 8 మిల్లీమీటర్ల బిట్. లోపలి పొడిని ఊది తీయకపోతే ప్లగ్గు పూర్తిగా దిగదు, దిగినా పట్టదు. ప్లగ్గు వదులుగా ఉంటే అగ్గిపుల్లలు కుక్కి సర్దే అలవాటు ఒకటుంది. ఫొటోకైతే సరే, అరకు వద్దు. పెద్ద సైజు ప్లగ్గు వేయించండి లేదా చోటు మార్చండి.

రాడ్లు ఎక్కించాక, చెక్క తొడగకముందు ఒక్కో రాడ్డును చేత్తో కిందికి నొక్కి చూడండి. గోడ దగ్గర కదలిక వెంట్రుకంత ఉన్నా చివర్లో అది నాలుగైదు రెట్లు కనిపిస్తుంది. చెక్క తొడిగాక రసమట్టాన్ని గోడ నుంచి బయటికి, అంటే అడ్డంగా పెట్టి ముందుకు వాలిందేమో చూడాలి. పొడవునా చూసి వదిలేసేవాళ్ళే ఎక్కువ.

సామాను ఒకేసారి పేర్చకండి. మీరు పెట్టబోయే బరువుకు ఒకటిన్నర రెట్లు, పప్పు ప్యాకెట్లో పాత పుస్తకాలో, కొద్దికొద్దిగా పెట్టి ఒక రాత్రి ఉంచండి. కింద ఎవరూ పడుకోకుండా చూసుకోండి. పొద్దున్న మళ్ళీ రసమట్టం పెట్టండి. బుడగ జరగకపోతే బరువైనవి గోడ వైపు, తేలికవి ముందు అంచు వైపు సర్దుకోవచ్చు.

అద్దె ఇల్లయితే రంధ్రం వేసే ముందు ఇంటి ఓనర్‌కు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి, ఆయన సరేనన్న జవాబు దాచుకోండి. ఖాళీ చేసేటప్పుడు ప్లగ్గులు పీకి, వాల్ పుట్టీ పూసి, పైన అదే రంగు అద్దితే అడ్వాన్సులో కోత పడదు. గోడ రంగు కోడ్ ఏదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి అర కింద టార్చి వేసి చూడండి. గోడ అంచున మట్టి గీతలా కనిపిస్తే చెదలు, చెక్క కింద సన్నని పొడి రాలుతుంటే పుచ్చు. నష్టం ఇంకా చిన్నదే కాబట్టి ఆ దశలో విప్పి మందు పట్టించి మళ్ళీ బిగించడం ఒక పూట పనే.